మతం గడి లేని దరఖాస్తు: ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లిపై ఒక మేనమామ సమీక్ష

సమీక్షకు తీసుకున్న సేవ: 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహ అధికారి ఎదుట పెళ్లి జరిపించుకుని ధ్రువపత్రం పొందడం. ఇచ్చేది ప్రభుత్వం. మేము పొందిన చోటు ఒడిశా దక్షిణపు అంచున, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న జిల్లాల్లో ఒకదానిలోని కార్యాలయం. అది ఏ ఊరిదో చెప్పను. అక్కడున్న నలుగురిలో ఇద్దరు మాకు మేలే చేశారు, మిగతా ఇద్దరిని ఊరు పేరుతో సహా ఎండగట్టినంత మాత్రాన గోడ మీది నోటీసు బోర్డు ఊడిరాదు. పట్టిన కాలం 51 రోజులు. తిరిగిన తిరుగుళ్లు 7. రుసుము, నోటరీ, స్టాంపు పేపర్లు, జిరాక్సులు, ఫొటోలు, ఆటోలు అన్నీ కలిపి అయిన ఖర్చు 2,340 రూపాయలు. నేను పదవీ విరమణ చేసిన బడిపంతులిని కనుక, మధ్యమధ్య మార్కులు వేయకుండా ఉండలేను, చదివేవారు మన్నించాలి.

నేను పెళ్లికూతురికి మేనమామను. మేనకోడలిని బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకురావడం మా పెళ్లిళ్లలో మేనమామ పని. ఈ పెళ్లిలో నేను మోసింది ఒక నీలిరంగు ప్లాస్టిక్ ఫైలు. మాది పర్లాకిమిడి, హిందూ కుటుంబం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు ఊరు అటు పోయింది, చుట్టాల్లో సగం మంది ఇటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ ఒడియా అన్నది అప్పటి నుంచీ మాకు అలవాటైన బతుకు. అబ్బాయిది సవర గిరిజన కుటుంబం, తాతల నాటి నుంచి బాప్టిస్టు క్రైస్తవులు. పదో తరగతి దాకా ఆంధ్ర వైపున్న పాతపట్నంలో తెలుగు మీడియంలో చదువుకున్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం మా గజపతి జిల్లాలో మూడింట ఒక వంతుకు మించి క్రైస్తవులే, ఒడిశాలో మరే జిల్లాలోనూ అంత నిష్పత్తి లేదు. అందుచేత ఇటువంటి జంటలు మాకు కొత్త కాదు. అయితే నా ఎరుకలో ఇటువంటి పెళ్లిళ్లన్నీ ఎవరో ఒకరు మారిన తరువాతే జరిగాయి, అమ్మాయి బాప్తిస్మం తీసుకోవడమో, అబ్బాయి గుళ్లో దండ వేయించుకోవడమో ఏదో ఒకటి. వీళ్లిద్దరూ మాత్రం, ఎవరూ మారేది లేదు, ఎవరినీ మార్చేది లేదు అని మొదటి రోజే తేల్చి చెప్పారు. అటువంటి వారికి దేశం మొత్తం మీద తెరిచి ఉన్న కిటికీ ఇంచుమించు ఈ ఒక్కటే.

ఇంచుమించు అని ఎందుకు అంటున్నానంటే, 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా చర్చిలో పెళ్లి చెల్లుతుంది. కానీ చట్టం ఒప్పుకున్నదాన్ని సంఘం ఒప్పుకోవాలని లేదు. చాలా సంఘాలు రెండో వారికి ముందు బాప్తిస్మం కావాలంటాయి. ఆ చట్టంలో నాకు ఆసక్తిగా తోచిన సంగతి మరొకటి ఉంది. పెళ్లి జరిపే పాస్టరు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు మీద జరుపుతాడు, ప్రభుత్వానికి చేరే రిజిస్టరులో రాస్తాడు, ఉదయం ఆరు గంటలకూ సాయంత్రం ఏడు గంటలకూ మధ్యనే జరపాలన్న నియమం కూడా ఉంది. వేదిక మీద నిలబడినంతసేపూ ఆయన దేవుని సేవకుడూ, సర్కారు గుమస్తా కూడా. మతమూ ప్రభుత్వమూ వేరువేరు అని మనం బడిలో పిల్లలకు చెప్పే పాఠానికీ, ఆ రిజిస్టరుకూ పొత్తు కుదరదు.

ఇక దరఖాస్తు పత్రం. దీనికి పదికి పది మార్కులు, సందేహం లేకుండా. పెళ్లాడదలచామని ముందుగా ఇచ్చే నోటీసుకు చట్టంలోని రెండో షెడ్యూలులో ఉన్న నమూనా ఒక పేజీకి మించదు. పేరు, అవివాహితులా విధురులా విడాకులు పొందినవారా అన్న వివరం, వృత్తి, వయసు, ఉంటున్న చోటు, శాశ్వత నివాసం వేరైతే అది, ఇక్కడ ఎంత కాలంగా ఉంటున్నారన్నది. అంతే. మతం అన్న గడి లేదు, కులం అన్న గడి లేదు, తండ్రి అంగీకారం అన్న గడి లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నింపిన, నింపించిన సర్కారు కాగితాల్లో ఇంత మర్యాదస్తురాలైన కాగితాన్ని చూడలేదు.

ఆ ఖాళీ ఊరికే వచ్చింది కాదు. 1872లోనే, క్రైస్తవ వివాహ చట్టం చేసిన ఏడాదే, ఇంగ్లీషు ప్రభుత్వం మొదటి ప్రత్యేక వివాహ చట్టాన్ని కూడా చేసింది. కేశవ చంద్ర సేన్ నాయకత్వంలోని బ్రహ్మసమాజీయులు తమ పెళ్లిళ్లకు చట్టబద్ధత కావాలని పట్టుబట్టగా వచ్చిన చట్టం అది. కానీ దాని కింద పెళ్లాడేవారు తాము హిందువులం కామనీ, ముస్లింలం, క్రైస్తవులం, పారశీకులం, బౌద్ధులం, సిక్కులం, జైనులం, యూదులం కూడా కామనీ రాసి సంతకం చేయవలసి ఉండేది. ప్రభుత్వం పెళ్లి చేస్తానంది గాని, ముందు మతాన్ని గుమ్మం బయట విడిచి రమ్మంది. కేంద్ర శాసనసభ సభ్యుడు హరిసింగ్ గౌర్ చొరవతో 1923లో వచ్చిన సవరణ హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము పెళ్లాడేటప్పుడు ఈ సంతకం అక్కర్లేకుండా చేసింది. మా అమ్మాయి, అబ్బాయి వంటి జంటకు మాత్రం అప్పటికీ దారి లేదు. 1954 చట్టంతోనే ఆ పాత నిరాకరణ పత్రం అందరికీ పోయింది. ఆ గడి లేకుండా పోవడానికి ఎనభై రెండేళ్లు పట్టిందన్న మాట.

మొదటి రోజున మేము వెళ్లిన కార్యాలయంలో ఆ ఎనభై రెండేళ్లూ ఒక పెన్సిలుతో వెనక్కి పోయాయి. చట్టం ప్రకారం వచ్చిన ప్రతి నోటీసునూ వివాహ నోటీసుల పుస్తకంలో ఎక్కించాలి. ఆ పుస్తకం నిడుపాటి బౌండు రిజిస్టరు, అట్టకు గోధుమరంగు కాగితం అంటించి ఉంది. అచ్చు గడులన్నీ అయిపోయాక, కుడి అంచున మిగిలిన రెండు వేళ్ల ఖాళీలో, స్కేలు పెట్టి కూడా కాదు, చేత్తో ఒక నిలువు గీత గీసి, పైన ఒడియాలో 'ధర్మ' అని రాసి ఉంది. ఒడియాలో మతాన్ని ధర్మం అంటారు. ఆ గీత పేజీ పేజీకీ ఉంది, పాత పేజీల్లో కూడా ఉంది, ఒక్కో చోట రుద్దుడుకు మాసిపోయి ఉంది. గుమస్తా మా వాళ్ల పేర్లు ఎక్కించాక పెన్ను పక్కన పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి, "ధర్మం చెప్పండి మాస్టారూ" అన్నాడు. ఇది ఏ ఫారంలోనిది బాబూ అని అడిగాను. "ఫారంలోది కాదండీ, మా సౌకర్యానికి" అన్నాడు. ఎవరి సౌకర్యానికో అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇరవై రోజుల తరువాత అయింది.

ప్రభుత్వం ఎప్పుడూ మతం అడగకూడదని నేను వాదించను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదాకు మతం చూస్తారు. మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. షెడ్యూల్డు తెగలకు ఆ షరతు లేదు కనుక మా అబ్బాయికి ఆ చిక్కు లేదు. అక్కడ అడగడం సబబా అన్నది వేరే పెద్ద తగవు. ఇక్కడ అడగవద్దని చట్టమే వదిలేసిన చోట పెన్సిలు పట్టుకుని అడగడం మాత్రం గుమస్తా గారి సొంత శాసనం. అదే చేత్తో ఆయన మరో మూడు అడిగాడు: తల్లిదండ్రుల అంగీకార పత్రం, పోలీసుల విచారణ నివేదిక, మతం మారలేదన్న అఫిడవిట్. చట్టం కోరేవి నాలుగో సెక్షనులోని షరతులూ, ఐదో సెక్షనులోని నివాస నియమమూ మాత్రమే. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉండాలి. జీవించి ఉన్న భార్య గాని భర్త గాని ఉండకూడదు. అంగీకారం తెలపగల మానసిక స్థితి ఉండాలి. పెళ్లికి చట్టం కూడదన్న దగ్గరి చుట్టరికం కాకూడదు. నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒక్కరైనా ముప్పై రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. ఈ సంగతి చట్టం కాపీ చూపించి చెబితే వెనక్కి తగ్గాడు. చూపించకపోతే తగ్గేవాడు కాదు. గుమస్తాగిరీకి మూడు మార్కులు, అవీ చేతిరాత బాగున్నందుకు.

ఇక ఈ సేవలో అసలు లోపం దగ్గరకు వస్తాను. నోటీసు నకలును అందరికీ కనబడే చోట కార్యాలయంలో అతికించాలని ఆరో సెక్షను చెబుతుంది. నోటీసుల పుస్తకాన్ని చూడాలనుకున్న ఎవరికైనా, తగిన వేళల్లో, రుసుము లేకుండా చూపించాలి. ముప్పై రోజులలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఎవరైనా అంటే నిజంగా ఎవరైనా. చుట్టం కానక్కర్లేదు, ఊరివాడు కానక్కర్లేదు. మా వాళ్ల నోటీసు చెదలు తిన్న చెక్కబోర్డు మీద, ఒక పక్క భూమి వేలం ప్రకటనకూ మరో పక్క ఎప్పటిదో పొగాకు వ్యతిరేక దినపు పోస్టరుకూ మధ్య, నాలుగు గుండు పిన్నులతో, ఇంటి నంబరుతో, వీధి పేరుతో సహా వేలాడింది.

ఆ బోర్డు కింద టీ తాగుతూ నిలబడే ఒక దళారి నన్ను పక్కకు పిలిచాడు. పదిహేను వేలు ఇస్తే నోటీసు తలుపు వెనకాల అతుకుతుందట, తలుపు నెల రోజులూ తెరిచే ఉంటుందట. అతను మర్యాదగానే చెప్పాడు, బస్సులో కిటికీ పక్క సీటు ఇప్పిస్తానన్నట్టు. మనిషి తన పెళ్లి సంగతి తన దగ్గరే ఉంచుకోవడం హక్కు అనుకుంటున్నాం. ఇక్కడ అది పదిహేను వేలకు దొరికే సరుకు. మేము కొనలేదు. కొని ఉంటే తరువాతి రెండు వారాలు ప్రశాంతంగా గడిచేవేమో అన్న ఆలోచన నాకు ఇప్పటికీ వస్తుంది, అది దాచి ఏం లాభం.

ఈ నోటీసు ఎక్కడిది అని ఆరా తీస్తే దారి మళ్లీ చర్చికే పోతుంది. పెళ్లి సంగతిని ముందుగా సంఘంలో చాటించాలన్న నియమాన్ని రోమను కాథలిక్ చర్చి 1215లో, నాలుగో లేటరన్ మహాసభలో, అన్ని చోట్లకూ తప్పనిసరి చేసింది. రహస్య వివాహాలనూ, దాచిపెట్టిన మొదటి పెళ్లాలనూ అరికట్టడం దాని ఉద్దేశం. ఇంగ్లండులో 1753 చట్టం ఆ చాటింపునే శాసనం చేసింది. 1836లో అక్కడ చర్చితో పనిలేని పెళ్లి వచ్చినప్పుడు పాస్టరు నోట చదివే చాటింపు అధికారి దగ్గరి నోటీసుల పుస్తకమైంది. ఆ పద్ధతే ఓడెక్కి మన దేశానికి వచ్చింది. మా ప్రాంతపు చర్చిలలో ఇప్పటికీ ఆదివారం ఆరాధనలో పెళ్లి ప్రకటన చదువుతారు. అక్కడ వినేవాళ్లు పిల్లవాడిని ఉయ్యాలలో ఊపినవాళ్లు. వాడికి ఇంకో ఊళ్లో సంసారం ఉంటే వాళ్లకు తెలిసే వీలుంది, అందువల్ల ఆ చాటింపులో ఒక అర్థం ఉంది. ఎవరెవరో వచ్చిపోయే కచేరీ వసారాలో అతికించిన కాగితాన్ని చదివేవాళ్లకు ఈ ఇద్దరి గురించి తెలిసేది రెండే రెండు: పేర్లు, ఆ పేర్లను బట్టి మతాలు. చర్చి నుంచి ప్రభుత్వం అరువు తెచ్చుకున్న ఈ ఆచారంలో సంఘం జారిపోయి, కాపలా ఒక్కటే మిగిలింది. నోటీసు బోర్డుకు సున్నా.

పందొమ్మిదో రోజున ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. ఫొటో బోర్డుది మాత్రమే కాదు, రిజిస్టరు పేజీది కూడా. అంచున పెన్సిలు గడితో సహా. గుమస్తా అన్న 'సౌకర్యం' ఎవరిదో అప్పుడు తెలిసింది. ఇరవయ్యో రోజు సాయంత్రం మా బావగారి ఇంటి ముందు నాలుగు మోటారు సైకిళ్లు ఆగాయి. వచ్చినవాళ్లు చదువుకున్న కుర్రాళ్లే, చెప్పులు విప్పే లోపలికి వచ్చారు, మంచినీళ్లు తాగారు. అమ్మాయిని మతం మార్చేస్తున్నారని తమకు సమాచారం వచ్చిందనీ, కాపాడటానికి వచ్చామనీ అన్నారు. అమ్మాయే బయటికి వచ్చి, నేను మారడం లేదు, అందుకే ఆ కచేరీకి వెళ్లాను అని చెప్పింది. వాళ్లకు ఆ మాట తలకెక్కలేదు. మారకపోతే పెళ్లి ఎలా అవుతుంది అని ఒకడు నిజంగానే, అమాయకంగానే అడిగాడు.

మరుసటి ఆదివారం అబ్బాయి ఊళ్లో ప్రార్థన అయ్యాక నలుగురు పెద్దలు వాళ్ల నాన్నను కూర్చోబెట్టారు. వీళ్లు వాళ్ల సంఘం వారు కూడా కాదు, ఈమధ్య ఆ వైపు వచ్చిన మరో కూటానికి చెందినవారు. విశ్వాసం లేనివారితో జోడు కట్టవద్దని కొరింథీయులకు రాసిన పత్రికలో ఉందని ఎత్తి చూపించారు. అమ్మాయి బాప్తిస్మం తీసుకుంటే తామే దగ్గరుండి పెళ్లి చేయిస్తామనీ, లేకపోతే ఆ ఇంటికి ఎవరూ భోజనానికి వెళ్లకుండా చూస్తామనీ అన్నారు. వాళ్లూ అదే అడిగారట: మారకుండా పెళ్లి ఎలా అవుతుంది?

ఈ రెండు గుంపులూ ఎదురుపడితే ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒకరికి అమ్మాయి మారిపోతోందన్న కోపం, మరొకరికి అమ్మాయి మారడం లేదన్న కోపం. ప్రశ్న మాత్రం అక్షరం పొల్లు పోకుండా ఒకటే. ఛాందసం అనే మాటను మనం మడి కట్టుకునే ముసలమ్మల మీద వృథాగా ఖర్చు చేశాం. మడి కట్టుకునే ముసలమ్మ తన కంచం చుట్టూ గీత గీసుకుంటుంది, వీళ్లు మన కంచం చుట్టూ గీస్తారు. అయినా ఇద్దరి బలమూ సమానమని చెప్పను. భోజనానికి రాకపోవడం ఒక ఎత్తు, ఇంటి ముందు ఆగిన మోటారు సైకిళ్లు ఒక ఎత్తు. 2008 ఆగస్టులో పొరుగున ఉన్న కంధమాల్ జిల్లాలో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద హత్య తరువాత క్రైస్తవుల ఇళ్లూ చర్చిలూ ఎలా తగలబడ్డాయో, జనం అడవుల్లోకి ఎలా పారిపోయారో అబ్బాయి తండ్రికి బాగా గుర్తుంది. ఆయన ఆ వారమంతా చీకటి పడేసరికి వీధి దీపం ఆర్పేసి కూర్చున్నాడు.

చదివేవారికి ఒక సందేహం రావచ్చు, ఇంత రభస ఎందుకు, అమ్మాయి బాప్తిస్మం తీసుకుంటే సరిపోయేది కదా అని. కానీ ఒడిశాలో అదేమీ దగ్గరి దారి కాదు. 1967లోనే ఈ రాష్ట్రం మత స్వేచ్ఛా చట్టం పేరుతో ఒక చట్టం చేసింది, స్వతంత్ర భారతంలో ఆ తరహా రాష్ట్ర చట్టాల్లో మొదటిది అదే. బలవంతంగా, మోసంతో, ప్రలోభంతో మతం మార్చితే ఏడాది దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా లేదా రెండూ. మారినవారు మైనరైనా, స్త్రీ అయినా, షెడ్యూల్డు కులాల తెగల వారైనా శిక్ష రెండేళ్లకూ పది వేలకూ పెరుగుతుంది. చిన్నపిల్లల వరుసలో స్త్రీని నిలబెట్టారన్నది గమనించండి. ఇరవై ఏడేళ్ల మా మేనకోడలు, ఎమ్మెస్సీ చదివింది, ఆ వరుసలోకే వస్తుంది. ఒరిస్సా హైకోర్టు ఆ చట్టం చెల్లదంది, 1977లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ చట్టంతో కలిపి విచారించి చెల్లుతుందంది. 1989 నియమాల ప్రకారం మతం మారేవారు మొదటి తరగతి మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాలి, ఆ తంతు జరిపే పాస్టరు గాని పూజారి గాని పదిహేను రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. మారితే కలెక్టరు కచేరీలో కబురు పెట్టాలి, మారకపోతే వివాహ అధికారి గోడ మీద కాగితం పెట్టాలి.

ఇరవై రెండో రోజున అభ్యంతరం వచ్చింది. ఇచ్చినాయన అమ్మాయికీ అబ్బాయికీ ఏమీ కాడు, పక్క బ్లాకువాడు. రాతలో ఉన్నదల్లా ఇద్దరి మతాలూ వేరు, సమాజంలో శాంతికి భంగం, అని రెండు వాక్యాలు. అభ్యంతరం నాలుగో సెక్షనులోని షరతులకు సంబంధించినదై ఉండాలి. మతం ఆ షరతుల్లో లేదు. కనుక ఆ కాగితాన్ని ఆ క్షణమే పక్కన పెట్టవచ్చు. గుమస్తా మాత్రం దాన్ని ఎర్ర సిరాతో ఎక్కించి, విచారణ ఉంటుందని మాకు కబురు చేశాడు. విచారణకు అధికారికి ముప్పై రోజులు గడువుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి కాగితం, మళ్లీ బోర్డు, మళ్లీ ముప్పై రోజులు. అభ్యంతరం పెట్టేవాడికి గెలుపు అక్కర్లేదు, కాలయాపన చాలు.

అధికారి గురించి మాత్రం మంచి మాట చెప్పాలి. ఆమె వయసులో నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. విచారణ రోజున అభ్యంతరం ఇచ్చినాయన్ను కూర్చోబెట్టి, నాలుగో సెక్షనును ఒడియాలో నెమ్మదిగా చదివి, ఇందులో మీ అభ్యంతరం ఏ షరతు కిందికి వస్తుందో చూపించండి అని అడిగింది. ఆయన శాంతిభద్రతల గురించి మొదలుపెట్టాడు. ఆమె రెండోసారి అదే గొంతుతో, అదే సెక్షను చదివింది. మూడోసారి చదివేసరికి ఆయన లేచాడు. అప్పుడు నేను ఉండబట్టలేక, అభ్యంతరంలో సబబూ సదుద్దేశమూ లేవని తేలితే వెయ్యి రూపాయల దాకా పరిహారం వేయవచ్చని తొమ్మిదో సెక్షనులో ఉంది కదమ్మా అన్నాను. ఆమె నవ్వి, "మాస్టారూ, మీ పిల్లల పెళ్లి కావాలా, వెయ్యి రూపాయలు కావాలా?" అంది. ఆ ఒక్క మాటతో ఆమెకు ఎనిమిది మార్కులు, వెయ్యి వేయనందుకు రెండు కోత.

ఈ సేవను మరో సేవతో పోల్చకపోతే సమీక్ష కుంటుపడుతుంది. ఇద్దరూ హిందువులైతే గుళ్లోనో కల్యాణ మండపంలోనో పెళ్లి చేసుకుని, శుభలేఖా ఫొటోలూ పట్టుకుని 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద నమోదుకు వెళ్లవచ్చు. అక్కడ పెళ్లికి ముందు ముప్పై రోజుల బహిరంగ నోటీసు అన్న నియమం చట్టంలో లేదు. ఒకే మతం వారికి ఎక్స్‌ప్రెస్, వేరు మతాల వారికి ప్రతి స్టేషనులోనూ ఆగే గుణుపురం ప్యాసింజరు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు నోటీసు ప్రచురణ జంట కోరితేనే ఉండాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు నకలు కూడా ఫైలులో పెట్టుకు వెళ్లాను. అది ఉత్తరప్రదేశ్ కదండీ అన్నారు.

బయటి దేశాల సంగతి చూస్తే మనది మరీ చెడ్డ దుకాణమేమీ కాదు. ఇజ్రాయెల్‌లోనూ లెబనాన్‌లోనూ దేశం లోపల పౌర వివాహం జరిపే ఏర్పాటే లేదు. వేరు మతాల జంటలు సముద్రం దాటి సైప్రస్ వెళ్లి పెళ్లాడి వస్తారు. ఫ్రాన్సులో 1792 నుంచీ చట్టం గుర్తించే పెళ్లి పురపాలక కార్యాలయంలో జరిగేదే. చర్చిలో చేసుకోదలిస్తే అది ఆ తరువాతే, ఈ వరుసను అదే పనిగా తప్పించే మతగురువుకు శిక్ష కూడా ఉంది. అక్కడా పది రోజుల పాటు ప్రకటన అతికిస్తారు. కానీ ఆ ప్రకటన కాథలిక్కు కాథలిక్కును చేసుకున్నా అతుకుతుంది, అందరిదీ అతుకుతుంది. అందరి కాగితాలూ ఉన్న బోర్డు మీద ఎవరి కాగితమూ కంట్లో పడదు. మా కార్యాలయంలో ఆ నెల అంతటికీ పెళ్లి నోటీసు అన్నది మా వాళ్లది ఒక్కటే.

యాభై ఒకటో రోజు ఉదయం పదకొండున్నరకు పెళ్లి. ముగ్గురు సాక్షులు కావాలి. నాలుగో మనిషిని అదనంగా తీసుకెళ్లండి. మా సాక్షుల్లో ఒకాయన ఆధార్ కార్డు ఇంట్లో మరిచిపోయాడు, అదనపు మనిషి అక్కరకు వచ్చాడు. ఇద్దరూ, సాక్షులూ అధికారి ముందు వాంగ్మూలం మీద సంతకాలు చేశాక, ఒకరితో ఒకరు ఒక్క వాక్యం చెప్పాలి. మంత్రం లేదు, బైబిలు వాక్యం లేదు, ఏ తంతూ కూడదని కూడా లేదు. ఈ ఒక్క మాట లేకుండా మాత్రం పెళ్లి కాదు. గుమస్తా ఇంగ్లీషు కాగితం అందించాడు. చట్టంలో పన్నెండో సెక్షను ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పవచ్చంటుంది కనుక, తెలుగులో చెబుతామని పిల్లలు అన్నారు. అధికారి సరే, తెలుగు పాఠం ఇవ్వండి అంది. పాఠం లేదు. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లం, సవర భాషకు ఆయన చేసిన సేవ తెలిసిన అబ్బాయి, ఒక్క వాక్యానికి తెలుగు లేక నిలబడిపోయాం.

నేను తెల్లకాగితం తీసి 'ధర్మపత్నిగా' అని మొదలుపెట్టాను, మన నాలుకకు వచ్చే మాట అదే. అమ్మాయి నా భుజం మీదుగా చూసి, "మావయ్యా, ధర్మం వద్దు, మళ్లీ పెన్సిలు తీస్తాడు" అంది. అందరం నవ్వాం, గుమస్తా కూడా నవ్వాడు. చివరికి 'చట్టప్రకారం నా భార్యగా', 'చట్టప్రకారం నా భర్తగా' అని రాశాను. చెవికి కొంచెం గరుకుగానే ఉంది. అబ్బాయి గొంతు వణికింది, అమ్మాయిది వణకలేదు. నాతిచరామి అన్న మాట విని విని అరిగిపోయిన నా చెవికి ఆ పొడి వాక్యం కొత్తగా వినబడింది. పెళ్లి మొత్తం నాలుగు నిమిషాలు. అధికారి తన సొంత డబ్బుతో తెప్పించిన అరకిలో జీళ్లు పంచింది.

వెళ్లదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన షరతు ఒకటి ఉంది, కార్యాలయంలో ఎవరూ చెప్పరు. పంతొమ్మిదో సెక్షను ప్రకారం ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద పెళ్లాడితే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్టే లెక్క. వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఇద్దరూ హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులైతే 1976 సవరణ నుంచి ఇవేవీ వర్తించవు. వేరు మతాల జంటకు వర్తిస్తాయి. ఉమ్మడి ఆస్తి ఉన్న ఇళ్లవాళ్లు పెళ్లికి ముందే ఒక మంచి వకీలును కలవడం మేలు. మా బావగారికి ఉన్నది రెండు గదుల ఇల్లు, స్వార్జితం, కనుక మాకు ఆ బెంగ లేకపోయింది.

ధ్రువపత్రం అదే రోజు ఇచ్చారు. గట్టి కాగితం, ముద్ర స్పష్టంగా పడింది. ఇంటికి వచ్చి అద్దాలు పెట్టుకుని చూస్తే అమ్మాయి ఇంటిపేరు అసలు పేరుగా, అసలు పేరు ఇంటిపేరుగా పడి ఉన్నాయి. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, ఒడియావాళ్లు వెనక రాస్తారు, మా వాళ్లకు ఈ బెడద బడి సర్టిఫికెట్ల నుంచీ ఉన్నదే. సవరణకు తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, ఆధార్ నకలు జత చేసి, ఇద్దరూ స్వయంగా రావాలన్నారు. వచ్చే మంగళవారం వెళ్తున్నాం. బుధవారాలు అధికారి కలెక్టరు గారి సమావేశానికి పోతారు, ఆ రోజు వెళ్లకండి.